పాత అంబాసిడర్, పద్మిని బండ్లకు ఇగ్నిషన్ టైమింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం, శ్రీకాకుళం వైపు పాత పెట్రోలు అంబాసిడరో, ఫియట్టో, హెరాల్డో అమ్మకుండా ఉంచుకున్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలివి. ఎక్కువమంది "టైమింగ్ తప్పిందండీ, ఎలా పెట్టాలి?" అనే మొదలుపెడతారు. బానెట్ ఎత్తి చూస్తే చాలాసార్లు తప్పింది టైమింగ్ కాదు, పాయింట్ల గ్యాపు, అంటే డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి వరుసగా కరెంటు పంచే డబ్బా) లోపల తెరుచుకుని మూసుకునే రెండు లోహపు ముక్కల మధ్య సందు. అందుకే ఇక్కడ టైమింగ్ లైటు (నిప్పు పడ్డప్పుడల్లా తళుక్కుమనే లైటు) దాకా రావడానికి కొంచెం ఆలస్యమవుతుంది, ఓపిక పట్టండి.

అంకెలు ఇచ్చినచోట అవి పాత 1489 సీసీ పెట్రోలు అంబాసిడర్‌వి, అంటే బీఎంసీ బి-సిరీస్ ఇంజనువి. పద్ధతి మాత్రం పాయింట్లున్న ఏ బండికైనా ఒకటే. డీజిల్ అంబాసిడర్ వాళ్లకు దీంతో పని లేదు. ఆ ఇంజనుకి స్పార్క్ ప్లగ్గూ లేదు, డిస్ట్రిబ్యూటరూ లేదు.

టైమింగ్ అంటే అసలు మనం చూసేది ఏమిటి?

పిస్టన్ పైకి వస్తూ పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని నొక్కుతుంది. అది పై కొసకి చేరేలోపే ప్లగ్గులో కరెంటు పడాలి. మిశ్రమం ఒక్కసారిగా పేలిపోదు. ప్లగ్గు దగ్గర అంటుకుని అవతలి గోడ దాకా కాలుతూ వెళ్తుంది, దానికి కొంత టైము కావాలి. పిస్టన్ పై కొస దాటి దిగడం మొదలెట్టిన కాసేపట్లోనే ఒత్తిడి బాగా పెరిగి ఉండాలంటే, నిప్పు ముందే పడాలి. ఎన్ని డిగ్రీల ముందు అన్నదే టైమింగ్. పై కొసని టీడీసీ అంటారు, దానికి ముందైతే బీటీడీసీ.

ఐడిల్‌లో, అంటే బండి ఆగి, రేసు మీద కాలు లేనప్పుడు, ఇంజను నిమిషానికి 600 చుట్లు తిరుగుతోందనుకోండి. సెకనుకు 10 చుట్లు, 3600 డిగ్రీలు. సెకనులో వెయ్యోవంతు గడిచేసరికి క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) 3.6 డిగ్రీలు కదులుతుంది. అదే 3000 చుట్ల మీదైతే అంతే టైములో 18 డిగ్రీలు కదిలిపోతుంది. మంటకి పట్టే టైము అదే లెక్కన తగ్గదు కాబట్టి, స్పీడు పెరిగేకొద్దీ నిప్పు ఇంకా ముందుకి జరగాలి. ఆ పని డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువులూ స్ప్రింగులూ చూసుకుంటాయి. కాలు తేలిగ్గా వేసి నడిపేటప్పుడు పక్కనున్న వాక్యూమ్ డబ్బా ఇంకొంచెం ముందుకి లాగుతుంది. మన చేతిలో ఉన్నది ఒక్క మొదటి లెక్కే, అంటే ఐడిల్‌లో పెట్టే డిగ్రీలే. అక్కడ తప్పితే పైనంతా అంతే తప్పుతుంది.

మా మేస్త్రీ లైటూ గీటూ లేకుండా చెవితోనే పెట్టేస్తాడు. అది చాలదా?

బండి నడవడానికి చాలు. సరిగ్గా నడవడానికి చాలదు. చెవితో పెట్టడమంటే ఏం చేస్తారో గమనించండి. ఇంజను స్టార్టు చేసి, డిస్ట్రిబ్యూటర్‌ని మెల్లగా తిప్పుతూ ఐడిల్ ఎక్కడ బాగా పెరిగితే అక్కడ బిగిస్తారు. ఐడిల్‌లో సిలిండర్లోకి వెళ్లే మిశ్రమం తక్కువ, మెల్లగా కాలుతుంది. అందుకని ఆ స్థితిలో ఇంజను ఎంత అడ్వాన్స్ ఇచ్చినా, అంటే నిప్పుని ఎంత ముందుకి జరిపినా, ఆనందంగానే తీసుకుంటుంది. నలుగురిని ఎక్కించుకుని, టాప్ గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు అదే అడ్వాన్స్ నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి కాలి కటకటలాడటం) అయి కూర్చుంటుంది. చెవితో పెట్టిన బండి దాదాపు ఎప్పుడూ ఎక్కువ అడ్వాన్స్ మీదే ఉంటుంది, కారణం ఇదే.

మంచి మేస్త్రీలకి ఇది తెలుసు. వాళ్లు ఐడిల్ బాగా పెరిగిన చోటు నుంచి కొంచెం వెనక్కి తిప్పి బిగిస్తారు. ఆ "కొంచెం" ఎంతో వాళ్ల చేతికి అలవాటు. మీకూ నాకూ ఆ చెయ్యి లేనప్పుడు లైటు కొనుక్కోవడమే నయం.

టైమింగ్ చూసే ముందు ఏమేం సరిచూసుకోవాలి?

అన్నిటికన్నా ముందు పాయింట్ల గ్యాపు. ఇది అర్థమైతే సగం పని అయిపోయినట్టే. గ్యాపు పెరిగితే పాయింట్లు ముందుగా తెరుచుకుంటాయి, టైమింగ్ అడ్వాన్స్ అవుతుంది. గ్యాపు తగ్గితే ఆలస్యంగా తెరుచుకుంటాయి, రిటార్డ్ అవుతుంది, అంటే వెనకబడుతుంది. కాబట్టి టైమింగ్ పెట్టాక గ్యాపు ముట్టుకుంటే పెట్టిందంతా పోతుంది. ఎప్పుడూ గ్యాపు ముందు, టైమింగ్ తర్వాత.

డిస్ట్రిబ్యూటర్ క్యాపు తీసి, లోపల తిరిగే రోటర్ పీకి, ఇంజను మెల్లగా తిప్పండి. పాయింటుకి ఉన్న చిన్న ఫైబర్ మడమ, క్యామ్ మూల మీద సరిగ్గా ఎక్కి కూర్చోవాలి. ఆ ఒక్కచోటే గ్యాపు కొలవాలి. లూకాస్ కంపెనీ డిస్ట్రిబ్యూటర్‌కి 14 నుంచి 16 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. ఫీలర్ గేజి (సందు కొలిచే సన్నని ఉక్కు ఆకుల పనిముట్టు) ఆకు రెండు పాయింట్ల మధ్య నుంచి చేతికి కొంచెం పట్టు తగులుతూ జారాలి. తోస్తేనే వెళ్లేంత బిగుతుగా ఉండకూడదు, ఊగేంత వదులుగానూ ఉండకూడదు. స్క్రూ బిగించాక మళ్లీ కొలవండి. బిగించేటప్పుడే ప్లేటు జరగడం మామూలే.

పాత పాయింట్లలో ఒకదాని మీద గుంట, రెండోదాని మీద మొటిమ ఉంటుంది. అలాంటప్పుడు ఫీలర్ ఆకు మొటిమని కొలుస్తుంది, నిజం గ్యాపుని కాదు. ఉప్పుకాగితంతో రుద్ది సరిపెట్టుకునే కన్నా కొత్త పాయింట్లు వేయండి. మొటిమ మరీ త్వరగా లేస్తుంటే, పాయింట్ల మధ్య నిప్పురవ్వలు తగ్గించే కండెన్సర్‌నీ అనుమానించండి.

గ్యాపు అయ్యాక చేత్తో చూసేవి రెండు. రోటర్‌ని అది తిరిగే వైపే కొంచెం తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి. రాకపోయినా, బద్ధకంగా వచ్చినా లోపలి బరువులు తుప్పుపట్టి పట్టేశాయి, లేదా స్ప్రింగు పోయింది. వాక్యూమ్ గొట్టాన్ని కార్బ్యురేటర్ వైపు ఊడదీసి నోటితో పీల్చి చూడండి. లోపలి ప్లేటు కదలాలి, నాలుకతో గొట్టం మూసినంతసేపూ అలాగే ఆగాలి. జారిపోతుంటే డయాఫ్రమ్ చిరిగింది. పెట్రోలు వాసన నోట్లోకి వస్తుంది, పీల్చే ముందు గొట్టం కొస తుడుచుకోండి.

ఇక డిస్ట్రిబ్యూటర్ షాఫ్టుని పక్కలకి ఊపి చూడండి. లొడలొడలాడితే బుష్షు పోయింది. బుష్షు పోయిన డిస్ట్రిబ్యూటర్‌కి ఏ టైమింగూ నిలబడదు, ముందు దాని సంగతి చూడండి.

మార్కు ఎక్కడుంది? నాకేమీ కనపడటం లేదు.

ముందున్న క్రాంకు పుల్లీ అంచు మీద చిన్న గాటు ఉంటుంది. పాత బి-సిరీస్ ఇంజన్లలో దానికి ఎదురుగా, టైమింగ్ కవరుకి అంటి చిన్న పళ్లలాంటి పాయింటర్లు ఉంటాయి. వాటిలో పొడవైనది టీడీసీ. మిగతావి 5, 10 డిగ్రీల బీటీడీసీ. ఏళ్ల తరబడి పేరుకున్న గ్రీజూ మట్టీ కింద అవి కనపడకపోవడంలో ఆశ్చర్యం లేదు. కిరోసిన్‌తో తడిపిన గుడ్డతో తుడిచి, గాటులో సుద్దముక్కో వైట్‌నరో పెట్టండి. పొడవైన పాయింటర్‌కి కూడా ఒక చుక్క పెడితే లైటు వేసినప్పుడు రెండూ మెరుస్తాయి.

పాయింటర్ విరిగిపోయిందా, పుల్లీ మార్చారా, మార్కు మీద నమ్మకం లేదా? టీడీసీని మీరే కనిపెట్టవచ్చు. అన్ని ప్లగ్గులూ తీసేయండి. ఒకటో సిలిండర్ ప్లగ్గు రంధ్రంలో పిస్టన్‌కి అడ్డంపడేలా ఒక స్టాపరు బిగించండి. పాత ప్లగ్గు లోపలి పింగాణీ తీసేసి బోల్టు పెట్టి ఎవరైనా లేతు షెడ్డులో చేసిపెడతారు. ఇంజనుని చేత్తో మెల్లగా, స్టాపరుకి తగిలేదాకా తిప్పి పుల్లీ మీద గీత గీయండి. మళ్లీ ఎదురు వైపు తిప్పి, తగిలిన చోట రెండో గీత. ఆ రెండు గీతల సరిగ్గా మధ్యదే టీడీసీ. ఈ పనిలో సెల్ఫ్ మాత్రం కొట్టకండి, పిస్టన్‌కి చిల్లు పడుతుంది.

మార్కు కలిసింది. కానీ బండి కార్బ్యురేటర్లోంచి తుమ్ముతోంది, స్టార్టు అవట్లేదు.

మార్కు కలవడం ఒక్కటే సరిపోదు. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో ఒక పూర్తి చక్రానికి క్రాంకు రెండు చుట్లు తిరుగుతుంది, డిస్ట్రిబ్యూటర్ ఒక్క చుట్టే. కాబట్టి ఒకటో పిస్టన్ రెండుసార్లు పైకి వస్తుంది, ఒకసారి కంప్రెషన్ మీద, ఇంకోసారి పొగ బయటికి తోస్తూ. మనకి కావాల్సింది కంప్రెషన్ మీద వచ్చేది. ఒకటో ప్లగ్గు తీసి రంధ్రం మీద బొటనవేలు పెట్టి, ఇంజను మెల్లగా తిప్పించండి. వేలిని గాలి గట్టిగా తోసే చుట్టు కంప్రెషన్. ట్యాపెట్ కవరు ఎలాగూ తీసి ఉంటే ఇంకా సులువు. నాలుగో సిలిండర్ వాల్వులు రెండూ ఒకటి మూసుకుంటూ, ఒకటి తెరుచుకుంటూ మధ్యలో ఊగుతుంటే, ఒకటోది కంప్రెషన్ మీద ఉన్నట్టే.

రేడియేటర్ పక్కన ఉన్నదే ఒకటో సిలిండర్. వైర్ల వరుస 1-3-4-2. పద్మినికీ ఈ వరుసే. అయితే ఆ వరుసని రోటర్ తిరిగే దిశలో లెక్కపెట్టాలి. అంబాసిడర్ బి-సిరీస్‌లో పైనుంచి చూస్తే రోటర్ ఎడమ వైపుకి, గడియారానికి ఎదురుగా తిరుగుతుంది. వేరే బండైతే క్యాపు తీసి, ఎవరినైనా సెల్ఫ్ ఒక్కసారి తట్టమని మీ కళ్లతో చూసుకోండి. పక్కవాడి మాట నమ్మి రెండు వైర్లు అటూ ఇటూ మార్చేసి, సాయంత్రం దాకా కార్బ్యురేటర్ విప్పి బిగించినవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు.

లైటు లేకుండా, బల్బుతో టైమింగ్ పెట్టవచ్చంటారు. ఎలా?

పెట్టవచ్చు, పాత మాన్యువళ్లు ముందు చెప్పేది అదే. కావాల్సింది 12 వోల్టుల చిన్న బల్బు, రెండు వైర్లు, రెండు క్లిప్పులు. ఒక వైరు డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న సన్న వైరు టెర్మినల్‌కి, అంటే కాయిలు నుంచి వచ్చేదానికి. రెండోది ఇంజను బాడీకి. ఇగ్నిషన్ ఆన్ చేయండి. పాయింట్లు మూసి ఉంటే కరెంటు వాటిలోంచే ఎర్త్‌కి పోతుంది, బల్బు వెలగదు. పాయింట్లు తెరుచుకున్న క్షణంలో బల్బు వెలుగుతుంది. ప్లగ్గులో నిప్పు పడేదీ ఆ క్షణంలోనే.

ఇక ఇంజను తిప్పాలి. హ్యాండిల్ ఉంటే హ్యాండిల్‌తో, లేకపోతే టాప్ గేరులో వేసి బండిని మెల్లగా ముందుకి తోసి. ప్లగ్గులు తీసేస్తే తేలిగ్గా తిరుగుతుంది. ఇంజను మామూలుగా తిరిగే దిశలోనే తిప్పాలి. మార్కు దాటిపోతే వెనక్కి తెచ్చి ఆపకండి. బాగా వెనక్కి తీసుకెళ్లి మళ్లీ ముందుకే రండి. లేకపోతే టైమింగ్ చైను వదులు, గేర్ల వదులు అన్నీ లెక్కలోకొచ్చి కొలత చెడుతుంది. గాటు కావాల్సిన డిగ్రీ మీద ఆగాక, డిస్ట్రిబ్యూటర్ కింద క్లాంపు వదులు చేసి, బల్బు అప్పుడే వెలిగేచోట బిగించండి. పని కాగానే ఇగ్నిషన్ ఆపేయండి. పాయింట్లు మూసి ఉండగా ఆన్‌లో వదిలేస్తే కాయిలు కాలుతుంది.

ఇది ఆగిన ఇంజనుకి పనికొచ్చే లెక్క. స్టార్టు చేసి పరీక్షించడానికి సరిపోతుంది. తిరిగే ఇంజనులో నిజంగా ఏం జరుగుతోందో చూడాలంటే లైటు కావాలి.

టైమింగ్ లైటుతో చూసే వరుస చెప్పండి.

ఇంజనుని బాగా వేడెక్కనివ్వండి, తర్వాత ఆపండి. ఎరుపు క్లిప్పు బ్యాటరీ ప్లస్‌కి, నలుపు మైనస్‌కి. కొన్ని పాత బ్రిటిష్ బండ్లలో ప్లస్సే బాడీకి ఎర్త్ అయి ఉంటుంది, కాబట్టి బాడీకి తగిలించకుండా నేరుగా బ్యాటరీ కొసలకే పెట్టండి. మూడో క్లిప్పు ఒకటో ప్లగ్గు వైరు మీద. వాక్యూమ్ గొట్టం ఊడదీసి దాని మూతి మూసేయండి.

ఇప్పుడు స్టార్టు చేసి ఐడిల్ తగ్గించండి. ఐడిల్ ఎక్కువగా ఉంటే లోపలి బరువులు అప్పటికే విచ్చుకోవడం మొదలెడతాయి, మీరు చూసేది మొదటి లెక్క కాదు. లైటు పుల్లీ మీదకి పట్టండి. ఒకటో ప్లగ్గుకి నిప్పు పడ్డప్పుడల్లా లైటు తళుక్కుమంటుంది కాబట్టి, గిర్రున తిరిగే గాటు ఒకేచోట నిలబడ్డట్టు కనపడుతుంది. అది ఏ పాయింటర్ ఎదురుగా ఉంటే అదే మీ టైమింగ్.

ఒక జాగ్రత్త. ఆ వెలుగులో ఫ్యాన్ రెక్కలు కూడా ఆగినట్టో, మెల్లగా కదులుతున్నట్టో కనపడతాయి. అవి ఆగలేదు. కండువా, లుంగీ, మెడలో గొలుసు, లైటు వైర్లు అన్నీ దూరంగా పెట్టుకోండి. ఎండలో మార్కు కనపడదు. సందెవేళ గానీ షెడ్డు లోపల తలుపులు తెరిచి గానీ చూడండి.

సరిచేయడానికి డిస్ట్రిబ్యూటర్ బాడీని రోటర్ తిరిగే దిశకి ఎదురుగా తిప్పితే అడ్వాన్స్, అదే దిశలో తిప్పితే రిటార్డ్. అంబాసిడర్‌కి పైనుంచి చూస్తే గడియారం తిరిగే వైపు తిప్పితే అడ్వాన్స్. వెంట్రుకవాసి చాలు: డిస్ట్రిబ్యూటర్ దగ్గర 1 డిగ్రీ, క్రాంకు దగ్గర 2 డిగ్రీలు. కొన్ని పాత లూకాస్‌లకి పక్కన చిన్న గీతల నట్టు ఉంటుంది. 25డీ4 రకానికి ఆ నట్టు 11 క్లిక్కులు తిప్పితే దాదాపు 1 డిగ్రీ. ఆ నట్టు ఉన్నవాళ్లు అదృష్టవంతులు, క్లాంపు ముట్టుకోనక్కర్లేదు.

బిగించాక వదిలేయకండి. లైటు అలాగే పట్టుకుని రేసు మెల్లగా ఇవ్వండి. గాటు నున్నగా అడ్వాన్స్ వైపు జరగాలి, కాలు తీస్తే వెనక్కి రావాలి. ఉన్నట్టుండి గెంతితే బరువులు పట్టేస్తున్నాయి. అసలు కదలకపోతే టైమింగ్ ఎంత బాగా పెట్టినా బండి స్పీడు మీద చచ్చినట్టు నడుస్తుంది. ఐడిల్‌లోనే గాటు అటూ ఇటూ వణుకుతుంటే షాఫ్టు బుష్షు గానీ, టైమింగ్ చైను గానీ అరిగింది.

ఎన్ని డిగ్రీలు పెట్టాలి?

మీ ఇంజను మాన్యువల్ చెప్పినన్ని. తప్పించుకోవడానికి చెప్పే మాట కాదిది. ఒకే బి-సిరీస్‌లో కంప్రెషన్ తక్కువ ఇంజనుకి ఒక అంకె, ఎక్కువదానికి ఇంకొకటి. వాట్సాప్‌లో ఎవరో చెప్పిన అంకె వాళ్ల ఇంజనుది.

ఆ అంకె మీద పెట్టాక రోడ్డు మీద చూడాలి, ఎందుకంటే మాన్యువల్ రాసినప్పుడున్న పెట్రోలు ఇప్పుడు లేదు. ఇంజను వేడి మీద, టాప్ గేరులో, తక్కువ స్పీడు నుంచి ఎత్తు మీద కాలు పూర్తిగా నొక్కండి. విజయనగరం వాళ్లకి ఎస్.కోట దాటాక అనంతగిరి ఘాట్ కన్నా మంచి పరీక్ష లేదు. శ్రీకాకుళం వాళ్లు సాలూరు మీదుగా సుంకి ఘాట్ దాకా వెళ్లనక్కర్లేదు, హైవే మీద ఏ ఫ్లైఓవర్ ఎక్కినా తెలుస్తుంది. డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు కటకట వినిపిస్తే నాకింగ్. 2 డిగ్రీలు వెనక్కి తీసి మళ్లీ చూడండి. ఏ శబ్దమూ లేకపోయినా బండి బరువుగా, పికప్ లేకుండా ఉంటే 2 డిగ్రీలు ముందుకి. ఒకేసారి అంతకన్నా ఎక్కువ జరపకండి. మాన్యువల్ అంకెకి బాగా దూరం వెళ్తేగానీ బండి బాగుండట్లేదంటే, తప్పు ఇంకెక్కడో ఉంది.

ఈ20 పెట్రోలు (20 శాతం ఎథనాల్ కలిపినది) వచ్చాక నాకింగ్ ఎక్కువైంది, టైమింగ్ రిటార్డ్ చేసుకోమంటున్నారు. చేయాలా?

ఎథనాల్‌కి నాకింగ్‌ని తట్టుకునే గుణం పెట్రోలు కన్నా ఎక్కువ, తక్కువ కాదు. అయితే అందులో ఆక్సిజన్ ఉంటుంది, లీటరుకి ఇచ్చే శక్తి తక్కువ. పాత జెట్టుతో నడిచే కార్బ్యురేటర్‌లో మిశ్రమం పలచనవుతుంది. పలచన మిశ్రమంతో ఇంజను వేడెక్కుతుంది, పికప్ కుంటుతుంది, కొన్నిసార్లు నాకింగ్‌లా కూడా వినిపిస్తుంది. దానికి మందు కార్బ్యురేటర్ దగ్గర ఉంది, డిస్ట్రిబ్యూటర్ దగ్గర కాదు. ముందు మిశ్రమం సరిచేయించి, ఆ తర్వాత పైన చెప్పిన ఎత్తు పరీక్ష చేయండి. పనిలో పనిగా పాత రబ్బరు పెట్రోలు గొట్టాలన్నీ మార్చేయండి. ఎథనాల్ వాటిని మెత్తబరిచి పగలగొడుతుంది. టైమింగ్ కన్నా నాకు ఆ గొట్టాల భయమే ఎక్కువ, వేడి మానిఫోల్డ్ మీద పెట్రోలు కారితే చూస్తుండగానే అంటుకుంటుంది.

సెల్ఫ్ కొడితే ఇంజను ఎదురు తన్నుతోంది.

ఎక్కువ అడ్వాన్స్. పిస్టన్ పైకి చేరేలోపే ఒత్తిడి పెరిగి వెనక్కి నెడుతోంది. హ్యాండిల్‌తో స్టార్టు చేసేవాళ్లు ముందు రిటార్డ్ చేశాకే చెయ్యి పెట్టండి. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచాలి, చుట్టూ తిప్పి పట్టకూడదు. కింది నుంచి పైకి లాగండి, పైనుంచి కిందికి తొక్కకండి.

ఇంజను బాయిల్ అవుతోంది. టైమింగ్ వల్లేనా?

కావచ్చు. టైమింగ్ బాగా వెనకబడితే మిశ్రమం ఆలస్యంగా కాలుతూ వేడంతా ఎగ్జాస్ట్ వైపు, వాల్వుల వైపు పోతుంది. పాయింటు మడమ అరిగేకొద్దీ గ్యాపు తగ్గి, మనం ఏమీ ముట్టుకోకుండానే టైమింగ్ మెల్లమెల్లగా రిటార్డ్ అవుతుంది. మేలో మూడు లాంతర్ల దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు అది బయటపడుతుంది. కానీ రేడియేటర్ పూడుకుపోవడం, ఫ్యాన్ బెల్టు వదులు కావడం ముందు చూడండి, అవి ఎక్కువ మామూలు.

ఇగ్నిషన్ ఆపేశాక కూడా ఇంజను కాసేపు దడదడమంటోంది.

కరెంటే లేనప్పుడు టైమింగ్ ఎక్కడిది? సిలిండర్లో పేరుకున్న మసి ఎర్రగా కాలి అంటిస్తోంది. ఐడిల్ ఎక్కువగా ఉందేమో ముందు చూడండి.

వాన పడితే, కళింగపట్నం వైపు వెళ్లొస్తే బండి మిస్ అవుతోంది. టైమింగ్ మళ్లీ పెట్టించాలా?

అక్కర్లేదు. వానకి టైమింగ్ మారదు. చెమ్మా, ఉప్పుగాలీ చేరేది డిస్ట్రిబ్యూటర్ క్యాపులోకీ, ప్లగ్గు వైర్లలోకీ. చీకట్లో బానెట్ ఎత్తి ఇంజను నడిపితే కరెంటు ఎక్కడ పారిపోతోందో నీలంగా మెరుస్తూ మీకే కనపడుతుంది. క్యాపు లోపల పెన్సిల్ గీతలాంటి నల్లని సన్న చార ఉంటే తుడిచినా లాభం లేదు, క్యాపు మార్చాలి. మధ్యలో ఉండే బొగ్గు ముక్క స్ప్రింగుతో ఆడుతోందా చూడండి. బ్యాటరీ, కాయిలు టెర్మినళ్లకి పచ్చగా చిలుము పడితే గీకి బిగించండి.

పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ కిట్ పెట్టించుకుంటే ఈ గొడవంతా ఉండదు కదా?

గ్యాపు గొడవ ఉండదు, టైమింగ్ గొడవ ఉంటుంది. కిట్ పెట్టాక కూడా లైటుతో తప్పకుండా చూడాలి, ఎందుకంటే అది నిప్పు వేసే చోటు పాయింట్ల చోటే కావాలని లేదు. బల్బు పద్ధతి చాలా కిట్లతో కుదరదు. రోజూ నడిపే బండికి కిట్ మంచిదే. నాకు మాత్రం దారిలో ఆగిపోతే స్క్రూడ్రైవరుతో బాగుచేసుకోగలిగే పాయింట్లంటేనే ఇష్టం. కిట్ పెట్టించుకున్నా తీసేసిన ప్లేటూ కండెన్సరూ పారేయకండి, డిక్కీలో పడేయండి.

ఎన్నాళ్లకోసారి చూడాలి?

రోజూ తిరిగే బండైతే 5000 కిలోమీటర్లకోసారి గ్యాపు, దాంతోపాటు టైమింగ్. పాయింట్లు మార్చినా, డిస్ట్రిబ్యూటర్ తీసి పెట్టినా ఎలాగూ చూడాలి. కొత్త పాయింట్ల మడమ మొదట్లో త్వరగా అరుగుతుంది కాబట్టి, వేసిన కొన్ని వందల కిలోమీటర్లకే ఇంకోసారి చూడండి. ఏడాదంతా షెడ్డులో ఉండి పైడితల్లి అమ్మవారి పండక్కి బయటికొచ్చే బండిది వేరే కథ. అలాంటిదానికి టైమింగ్ కదలదు గానీ పాయింట్ల మీద సన్నని పొర కడుతుంది, కరెంటు దాటదు. శుభ్రమైన అట్టముక్క రెండు పాయింట్ల మధ్య పెట్టి లాగితే చాలాసార్లు అంతటితోనే స్టార్టవుతుంది.

డిస్ట్రిబ్యూటర్‌కి నూనె ఎక్కడ వేయాలి?

రోటర్ తీస్తే కింద కనపడే స్క్రూ తల మీద రెండు చుక్కలు ఇంజను ఆయిల్. ఆ స్క్రూ విప్పకండి, నూనె పక్క సందులోంచే దిగుతుంది. లోపలి బరువులకి ప్లేటు సందులోంచి ఇంకో రెండు చుక్కలు. క్యామ్ మీద అగ్గిపుల్ల కొసకి అంటినంత గ్రీజు. అంతకు మించితే తిరిగేటప్పుడు చిమ్మి పాయింట్ల మీద పడుతుంది, అక్కడ కాలి నల్లగా మారుతుంది, మళ్లీ మిస్ మొదలవుతుంది.